రాణి గౌను వద్దు, పళ్ళమ్మే ఆవిడ బట్టలు కుడదాం

(డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల కుట్టు తరగతిలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడినా సరే, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. ఇవాళ చూపించేవన్నీ చిన్న చిన్న కుట్లు, దూరం నుంచి ఏమీ తెలియవు. పిల్లల్ని కూడా తీసుకురండి, కత్తెరలన్నీ ఈ పక్కకి పెట్టేశాను.

సరే. ఏప్రిల్ వచ్చిందంటే మన డాలస్ దగ్గర వాక్సహాచీలో స్కార్‌బరో రెనసాన్స్ ఫెస్టివల్ మొదలవుతుంది. మెమోరియల్ డే దాకా శని, ఆదివారాలు నడుస్తుంది. పదహారో శతాబ్దం ఇంగ్లండు సంతలా వేషం కట్టి 1981 నుంచీ జరుపుతున్న తిరనాళ్ళు అది, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కూడా చాలామంది ఆ కాలం బట్టలే వేసుకుని వెళ్తారు. హ్యూస్టన్ వైపు చుట్టాలున్నవాళ్ళు టాడ్ మిషన్‌లో జరిగేది కూడా చూసి ఉంటారు, అది 1974లో మొదలైంది, దాని సీజను అక్టోబరు, నవంబరు. అసలు ఈ పద్ధతికి మూలం కాలిఫోర్నియా. 1963లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరు, ఆవిడ భర్త రాన్ కలిసి లాస్ ఏంజెలెస్‌లో కేపీఎఫ్‌కే అనే రేడియో స్టేషనుకి డబ్బు పోగుచెయ్యడానికి ఇలాంటి సంత ఒకటి పెట్టారు. అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. చరిత్ర ఇక్కడితో ఆపేస్తాను, మనం వచ్చింది బట్టల కోసం కదా.

ఇక్కడికి వచ్చేముందు గ్రూపులో ఒక మాట అడిగాను. ఈసారి ఏం కుట్టుకుందామనుకుంటున్నారు అని. ఏం జవాబు వచ్చింది? రాణి గౌను. అందరూ రాణి గౌనే. వెల్వెట్టు, ఇంతింత చేతులు, మెడ చుట్టూ పువ్వులా విప్పారిన తెల్ల కాలరు. ఆశ పడటం తప్పు కాదు. నాకూ ఆ గౌన్లంటే ప్రాణం. కానీ మొదటిసారి కుట్టేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. రాణిని వదిలేయండి. ఆ రాణి కోట బయట బజార్లో బుట్ట పెట్టుకుని పళ్ళమ్మే ఆవిడ ఉంటుందే, ఆవిడ బట్టలు కుట్టుకోండి.

ఎందుకు? ఎందుకో చెప్తాను, వినండి.

రాణి గౌను అంటే ఒక్క గౌను కాదు. లోపల స్మాక్ అనే నార కమీజు. దాని మీద బిగుతు బాడీ. నడుం కింద గంట ఆకారంలో వలయాలు కుట్టిన ఫార్థింగేల్ అనే పావడా. దాని మీద ఇంకో పావడా, దాని మీద ముందు భాగం తెరుచుకుని ఉండే పై గౌను, విడిగా కట్టుకునే చేతులు, మెడకి రఫ్ అనే ఆ పువ్వు లాంటి కాలరు, తలకి నగల టోపీ. వీటిలో ఏది తీసేసినా మిగతాది కుదురుగా నిలబడదు. ఫార్థింగేల్ లేకుండా పై గౌను వేసుకుంటే పాదాల దగ్గర కుప్ప పడుతుంది. లోపలి బాడీ సరిగ్గా లేకపోతే పైన ఎంత ఖరీదు బట్ట వేసినా ముడతలు పడుతుంది. మనమేమో పైన కనపడే వెల్వెట్టుకి డబ్బంతా పెట్టేసి, లోపలివి రేపు చూద్దాం అనుకుంటాం. రేపు రాదు, పండగ వచ్చేస్తుంది!

పైగా వెల్వెట్టు. ఆ రోజుల వెల్వెట్టు పట్టుతో నేసింది, ఇటలీలో జెనోవా, ఫ్లోరెన్స్, వెనిస్ లాంటి ఊళ్ళ నుంచి వచ్చేది. ఇప్పుడు మనకి అందుబాటు ధరలో దొరికేది పాలియెస్టరు. టెక్సస్ మే నెల మధ్యాహ్నం పూట, మట్టి దారి మీద, పాలియెస్టరు వెల్వెట్టు నాలుగు పొరలు కప్పుకుని పిల్లాణ్ణి ఎత్తుకుని నడవగలరా? గంట తిరిగేసరికి కళ్ళు తిరుగుతాయి.

ఇంకో సంగతి. ఆ కాలంలో ఎవరు పడితే వాళ్ళు రాణిలా బట్టలు వేసుకోవడానికి వీల్లేదు, చట్టం ఉండేది. 1574 జూన్‌లో ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ ఇచ్చిన ఆజ్ఞలో ఎవరు ఏ బట్ట కట్టాలో అంతస్తుల వారీగా ఉంది. ఊదారంగు పట్టు, బంగారు జలతారు బట్ట, సేబుల్ అనే జంతువు బొచ్చు, ఇవి రాజకుటుంబానికీ డ్యూకులూ ఎర్లూ లాంటి పై వరసవాళ్ళకీ తప్ప మిగతావాళ్ళకి కూడదు. అంటే ఊరందరూ రాణిలా కనిపించే సంత ఎక్కడా ఉండేది కాదు. సంత నిండా ఉన్నది ఎవరు? కూరలమ్మేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, చాకలివాళ్ళు, పాలు పోసేవాళ్ళు, పసిపిల్లల్ని చంకనేసుకుని బేరమాడేవాళ్ళు. వాళ్ళ బట్టలు అందంగా ఉండేవి కావనుకుంటున్నారా? ఇదిగో, ఈ బొమ్మ చూడండి. అందరికీ అందించండి.

ఇది యోఆఖిమ్ బ్యూకెలార్ అనే చిత్రకారుడు వేసింది. ఆంట్‌వెర్ప్ ఊరివాడు. 1569, 1570 సంవత్సరాల్లో నేల, నీరు, గాలి, నిప్పు అని నాలుగు పెద్ద బొమ్మలు వేశాడు. నేల అంటే కూరగాయల అంగడి, నీరు అంటే చేపల బజారు, గాలి అంటే కోళ్ళూ పక్షులూ అమ్మే చోటు, నిప్పు అంటే వంటిల్లు. నాలుగూ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. వాళ్ళ వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూడొచ్చు, ఒక్క పైసా ఖర్చు లేదు. నేనైతే డిజైను పుస్తకాల కన్నా ముందు వీటినే చూడమంటాను. ఎందుకంటే ఇందులో ఆడవాళ్ళు పని చేస్తూ ఉన్నారు. చేతులు మోచేతి పైకి మడిచారు. ఏప్రాను కట్టారు. తెల్ల టోపీలో జుట్టు దోపేశారు. బట్ట ఎక్కడ బిగిసింది, ఎక్కడ వదులైంది, మడత ఎటు పడింది, అన్నీ కనిపిస్తాయి. రాజుల బొమ్మల్లో మనుషులు కదలకుండా నిలబడి ఉంటారు, అందులో కుట్టు నేర్చుకునేది తక్కువ. ఇటలీ బట్టలు ఇష్టమైనవాళ్ళు విన్సెంజో కాంపి అనే ఆయన వేసిన పళ్ళమ్మే ఆవిడ బొమ్మ చూడండి, అది మిలాన్‌లో బ్రేరా మ్యూజియంలో ఉంది.

కలిసొచ్చే సంగతి ఇంకొకటుంది. ఒక్కో ఊరి సంత ఒక్కో రాజు కాలంలో జరుగుతున్నట్టు పెడతారు. కొన్నిచోట్ల ఎనిమిదో హెన్రీ, కొన్నిచోట్ల ఆయన కూతురు ఎలిజబెత్. ఆ మధ్యలో దర్బారు గౌన్ల ఆకారం పూర్తిగా మారిపోయింది, చేతులు మారాయి, మెడ మారింది, పావడా మారింది. పనిచేసుకునేవాళ్ళ బట్టలు మాత్రం అంత త్వరగా మారలేదు. కాబట్టి ఈ ఒక్క జత ఏ ఊరికి పట్టుకెళ్ళినా చెల్లుతుంది.

ఇక కుట్టు. లోపల నుంచి మొదలుపెడదాం. లోపల నుంచే మొదలుపెట్టాలి, ఇది మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుక్కోకండి.

మొదటిది స్మాక్. ఒంటికి తగిలే నార బట్ట, అంటే లినెన్. మెడ నుంచి పిక్కల దాకా. ఆ రోజుల్లో పైన వేసుకునే ఉన్ని బట్టల్ని ఉతికేవాళ్ళు కాదు, దులిపి, బ్రష్షు పట్టి ఊరుకునేవాళ్ళు. చెమటంతా పీల్చుకునేది ఈ స్మాకే. ఉతికేదీ దీన్నే. అందుకే ఎంత పేదింటి ఆవిడైనా ఇది మార్చుకోవడానికి ఇంకోటి ఉండాలని చూసుకునేది. మీరు కూడా ఒక్కటి కుట్టి ఆగొద్దు. రెండు కుట్టండి, శనివారానికి ఒకటి, ఆదివారానికి ఒకటి.

ఇందులో నాకు ఎంతో నచ్చే విషయం కత్తిరింపు. స్మాక్‌లో గుండ్రటి కోత దాదాపు లేదు. అన్నీ దీర్ఘచతురస్రాలు, చదరాలు, త్రిభుజాలు. ముందుకొకటి, వెనక్కొకటి పొడుగు ముక్క. చేతులకి రెండు ముక్కలు. పక్కల్లో ఘేరు రావడానికి త్రిభుజాలు. చంక కింద ఒక్కో చదరం. బట్ట చేత్తో వడికి, చేత్తో నేసిన రోజులు కదా, జానెడు ముక్క పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. అరవై అంగుళాల పన్నా ఉన్న లినెన్ మూడు గజాలు తీసుకుంటే మామూలు ఎత్తు మనిషికి స్మాక్ వచ్చేస్తుంది.

కొనగానే కత్తిరించకండి. వేడి నీళ్ళలో ఉతికి, డ్రయ్యర్లో వేసి, అప్పుడు కత్తిరించండి. లినెన్ కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోవాలో అంతా బట్టగా ఉన్నప్పుడే పోనివ్వండి.

ఇప్పుడు ఈ చంక ముక్క చూడండి. దగ్గరికి రండమ్మా, ఇది చూడకపోతే లాభం లేదు. నాలుగున్నర అంగుళాల చదరం ఇది. మన తాతల జుబ్బాల్లో ఉండేది, గుర్తుందా? ఇప్పటి చొక్కాల్లో లేదు. దీన్ని చదరంగా కాకుండా మూల పైకి వచ్చేట్టు తిప్పి, ఒక అంచు చేతికి, పక్క అంచు ఒంటి ముక్కకి వచ్చేట్టు కుడతాం. మూల దగ్గర కుట్టుని సరిగ్గా పావు అంగుళం ముందు ఆపాలి, చివరిదాకా లాగకూడదు. ఆపి, సూదిని బట్టలోనే ఉంచి, పాదం ఎత్తి, బట్ట తిప్పి, మళ్ళీ పాదం దించి కుట్టాలి. చివరిదాకా లాగితే అక్కడ గుంట పడి, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ చిరుగుతుంది. ఇప్పుడు నేను చెయ్యి ఎత్తుతున్నాను చూడండి. ఒంటి బట్ట పైకి లేచిందా? లేవలేదు. రెడీమేడ్ చొక్కా వేసుకుని చెయ్యి ఎత్తండి, నడుం దాకా లేస్తుంది. బుట్టలు మోసే ఆవిడకి, నీళ్ళు తోడే ఆవిడకి కావలసింది ఇది. ఇంత చిన్న ముక్కలో అంత ఆలోచన ఉంది.

కుట్లన్నీ మడిచి లోపల అంచు కనపడకుండా రెండోసారి కుట్టండి. ఓవర్‌లాక్ వద్దు, రెండో ఉతుక్కే లినెన్ పోగులు దారాల్లా బయటికి వస్తాయి.

రెండోది కర్టిల్. అంటే బాడీ, పావడా నడుం దగ్గర కలిపి కుట్టిన గౌను. మన చెయ్యి బాగా తిరిగిన పని జాకెట్టు కుట్టడం కదా. ఆ అలవాటే ఇక్కడ అడ్డొస్తుంది. ఎలా అంటారా?

జాకెట్టు కుట్టేటప్పుడు మనం ఏం చేస్తాం? టక్కులు వేస్తాం. లేదా కటోరీ కట్ చేస్తాం. ఒంటి ఆకారాన్ని బట్టలోకి తెస్తాం. పదహారో శతాబ్దం బాడీలో టక్కులు లేవు. ఒక్క టక్కు కూడా లేదు. ముందు ముక్క బల్ల మీద పరిస్తే చదునుగా ఉంటుంది. గట్టి లైనింగు వేసి, తాడుతో బిగించి లాగితే ఛాతీ కాస్త అణిగి, పై నుంచి నడుం దాకా గరాటులా సాఫీగా దిగుతుంది. ఆ కాలం బొమ్మల్లో అందరూ అలా కనిపించడానికి కారణం అదే. టక్కులు వేశారంటే ఎంత మంచి బట్ట పెట్టినా, ఎంత ఖర్చు పెట్టినా, అది ఇరవయ్యో శతాబ్దం గౌను అయిపోతుంది. దయచేసి టక్కులు వెయ్యకండి.

అందుకని మీ జాకెట్టు కొలతలు తెచ్చి దీనికి పెట్టొద్దు. పాత దుప్పటి ఒకటి తీసుకోండి. స్మాక్ వేసుకుని, దాని మీద ఆ దుప్పటి ముక్కలు పిన్నులతో కూర్చి, ఎవరో ఒకరిని పట్టుకుని సరిచేయించుకోండి. ఒక్కరే చేసుకోలేరు. ముందు రెండు అంచులు కలవకూడదు, వాటి మధ్య అంగుళంన్నర, రెండంగుళాలు ఖాళీ ఉండాలి. తాడు లాగాక ఆ ఖాళీ తగ్గుతుంది. అంచులు ముందే కలిసిపోతే ఇంక బిగించడానికి చోటేదీ?

లోపలికి గట్టి కాన్వాస్ రెండు పొరలు వేసి, వరసగా అడ్డంగా కుట్టేసెయ్యండి. బద్దలు, అంటే బాడీ నిటారుగా నిలబడటానికి లోపల దూర్చే సన్నటి గట్టి పట్టీలు, పెట్టాలా అని అడుగుతారు. పళ్ళమ్మే ఆవిడకి అక్కర్లేదు. కాన్వాస్ చాలు. బద్దలు లేకపోతే ఎలా నిలబడుతుంది అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్తాను. ఫ్లోరెన్స్‌లో ఎలెనోరా డి టొలెడో అని, మెడిచీ వంశం ప్రభువు భార్య, 1562లో చనిపోయింది. ఆవిడని పాతిపెట్టిన బట్టలు శిథిలమైనా మిగిలాయి, పిట్టి ప్యాలెస్ మ్యూజియంలో ఉన్నాయి. జానెట్ ఆర్నాల్డ్ అనే పరిశోధకురాలు అలాంటి బట్టలన్నీ మ్యూజియాల్లో కూర్చుని, ఒక్కో కుట్టూ కొలిచి, కాగితం మీద గీసిపెట్టింది. ఇవాళ ప్రపంచంలో ఎవరు ఈ కాలం బట్టలు కుట్టినా ఆవిడకి రుణపడినట్టే. ఆ ఎలెనోరా గౌను లోపల వేసుకున్న ఎర్ర వెల్వెట్టు బాడీ ఉంది చూశారూ, అందులో బద్దలు లేవు. ముందు వైపు హుక్సులతో బిగించే బాడీ. అంత పెద్దింటి ఆవిడే బద్దలు లేకుండా వేసుకుంటే మనకెందుకు?

ఛాతీ బరువుగా ఉండి కచ్చితంగా ఊతం కావాలనుకునేవాళ్ళు మాత్రం హార్డ్‌వేర్ షాపులో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు కొనండి. చివరలు గుండ్రంగా కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, ముందు అంచు పక్కన ఒక్కోటి దూర్చండి. చవక, తుప్పు పట్టదు.

ఇప్పుడు కాజాలు. బొత్తాం కాజా కాదు, తాడు దూర్చే గుండ్రటి కాజా. చాలామంది ఇనప రింగులు కొట్టేస్తారు, సుత్తి పెట్టి. అవి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చినవి. పది అడుగుల దూరం నుంచి తళతళమంటూ కనిపించేస్తాయి. పైగా బట్టలో పోగులు కోసి పెడతాం కాబట్టి, బాగా లాగితే రింగు ఊడి చేతికొస్తుంది.

చేత్తో ఎలా చేస్తారో చూడండి. ఇది మొనదేలిన లావుపాటి సూది, దబ్బనం అనుకోండి. బట్టని కొయ్యట్లేదు. గుచ్చి, తిప్పుతున్నాను. పోగులు తెగకుండా పక్కకి జరుగుతున్నాయి. చూశారా, బెజ్జం పడింది, ఒక్క పోగు తెగలేదు. ఇప్పుడు ఎంబ్రాయిడరీ దారానికి తేనెమైనం పట్టించి, బెజ్జం చుట్టూ కుట్టుకుంటూ వస్తాం. కింద నుంచి పైకి, బెజ్జంలోంచి లాగి, మళ్ళీ కింద నుంచి. ప్రతి కుట్టూ గట్టిగా లాగాలి, బెజ్జం తెరుచుకునేట్టు. ఒక్కో కాజాకి పదహారు, ఇరవై కుట్లు పడతాయి. సగంలో మళ్ళీ దబ్బనం గుచ్చి తిప్పండి, అయిపోయాక ఇంకోసారి. ఇదిగో, వేలు పెట్టి చూడండి. ఎంత గట్టిగా ఉందో! పోగులన్నీ లోపలే ఉన్నాయి కాబట్టి ఎంత లాగినా చిరగదు. టీవీ చూస్తూ రోజుకి రెండు చేసుకున్నా సరే, తొందరేం లేదు.

ఇంకోటి, రెండు పక్కల కాజాలు సరిగ్గా ఎదురెదురుగా ఉండకూడదు. సగం దూరం ఎడంగా జరగాలి. అప్పటి పద్ధతిలో తాడు ఒక్కటే. బూటు లేసులా అడ్డంగా దాటించరు, కింద ముడి వేసి, చుట్టుకుంటూ పైకి తెస్తారు. ఎదురెదురు కాజాలకి అలా చుడితే ఒక పక్క పైకి, ఒక పక్క కిందకి లాగి, నడుం దగ్గర మెట్టు పడుతుంది. సగం జరిపి పెడితే రెండు అంచులూ సమంగా ఉంటాయి. తాడుకి నూలు దారాలతో సన్నగా జడ పేనుకోండి. రిబ్బను జారిపోతుంది, వద్దు.

పావడాకి పెద్దగా చెప్పేదేం లేదు, మీ అందరికీ లంగా కుట్టడం వచ్చు. ఘేరు మూడు గజాలు. ముందు వైపు తక్కువ, వెనక, పక్కల ఎక్కువ కుచ్చిళ్ళు. పొడవు చీలమండ పైకి ఉండాలి, నేల ఊడవకూడదు, వానపడితే ఆ మైదానం బురద. అంచు లోపల చీరకి ఫాల్ వేసినట్టు ఒక గట్టి పట్టీ వేసుకోండి, బరువుకి పావడా చక్కగా దిగుతుంది.

బట్ట ఏది తీసుకోవాలి? అసలు కర్టిల్ ఉన్నితో కుట్టేవాళ్ళు. పలచటి సూటు ఉన్ని దొరికితే మన ఎండకి కూడా పరవాలేదు, గాలి ఆడుతుంది. లేదంటే మందపాటి లినెన్. జోఆన్ షాపులు 2025లో మూసేశాక దగ్గర్లో బట్టల కొట్టు దొరకట్లేదని అందరూ బాధపడుతున్నారు, నేనూ బాధపడ్డాను. కానీ పాత సామాన్ల షాపుల్లో లినెన్ టేబుల్ గుడ్డలు, దుప్పట్లు దొరుకుతాయి. చీటీ లేకపోతే ఒక పోగు తీసి కాల్చి చూడండి, సింకు దగ్గర, జాగ్రత్తగా. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నార గానీ నూలు గానీ. జుట్టు కాలిన వాసన వస్తే ఉన్ని గానీ పట్టు గానీ. కరిగి ముద్దై గట్టి పూసలా మిగిలితే పాలియెస్టరు, అది పక్కన పెట్టేయండి.

ఇండియా వెళ్ళొచ్చినప్పుడు తెచ్చుకున్న బట్టలు వాడొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మంచి ప్రశ్న. అంచు లేని సాదా మంగళగిరి నూలు భేషుగ్గా ఉంటుంది, వాడండి. అమ్మ పెట్టిన పట్టుచీర కొయ్యకండి, దయచేసి. దాని బరువు, దాని బుటా దీనికి సరిపడవు, చీరా పోతుంది, గౌనూ రాదు. కలంకారీ అంటారా? మన మచిలీపట్నానికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ వచ్చింది 1611లో. ఎలిజబెత్ రాణి 1603లోనే పోయింది. మన కోస్తా పూల బట్టలు వాళ్ళ ఇళ్ళ నిండా పరుచుకున్నది ఆ తరవాతి మాట. కాబట్టి ఈ పళ్ళమ్మే ఆవిడ ఒంటి మీద కలంకారీ ఉండదు. తరవాతి వందేళ్ళ గౌను కుట్టే రోజు మనం కూడా దర్జాగా కలంకారీ కడదాం, ఆ రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

రంగులు మాత్రం మీరు భయపడేంత చప్పగా ఉండవు. పేదవాళ్ళంటే మట్టిరంగే అనుకోకండి. మన మంజిష్ఠ జాతికే చెందిన మ్యాడర్ అనే మొక్క వేరు నుంచి ఎరుపు, వోడ్ అనే ఆకు నుంచి నీలం, వెల్డ్ నుంచి పసుపు వచ్చేవి. ఆనాటి మామూలు ఆడవాళ్ళ వీలునామాల్లో ఎర్ర పెట్టీకోటు ఫలానా కూతురికి అని రాసినవి తరచుగా కనిపిస్తాయి. కాబట్టి ఎర్ర పావడా హాయిగా వేసుకోండి. నిగనిగలాడే నలుపు, ఊదా మానేస్తే చాలు.

ఇక తల. జుట్టు విరబోసుకుని తిరగొద్దు. రెండు జడలు అల్లి, టేపుతో తల చుట్టూ చుట్టి కట్టి, పైన కాయిఫ్ అనే చిన్న తెల్ల టోపీ. దానికి అర గజం గుడ్డ చాలు. ఎండకి మంచిది, జుట్టు రేగదు. ఏప్రాను అంటే ఒక దీర్ఘచతురస్రం, బొందులు, అంతే. ఫోను, తాళాలు నడుముకి వేళ్ళాడే గుడ్డ సంచిలో.

టోపీకి, కాలరుకి గంజి పెట్టండి. గంజి మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. ఇంగ్లండులో వాళ్ళకి రఫ్‌కి గంజి పెట్టడం ముందు సరిగ్గా తెలియదు. 1564లో ఇప్పటి బెల్జియం ప్రాంతం నుంచి డింగెన్ వాన్ డెన్ ప్లాసె అనే ఆవిడ భర్తతో లండన్ వచ్చి గంజి పెట్టడం నేర్పే తరగతులు మొదలుపెట్టింది. నేర్పడానికి నాలుగైదు పౌన్లు, గంజి కాచడం చెప్పడానికి ఇంకో ఇరవై షిల్లింగులు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. గొప్పింటి ఆడవాళ్ళు తమ కూతుళ్ళని పంపి నేర్పించుకున్నారు. వాళ్ళు పౌన్లు పోసి నేర్చుకున్న పని మన అమ్మమ్మలు ప్రతి నూలు చీరకీ చేశారమ్మా! వాళ్ళది గోధుమ గంజి. మీరు సగ్గుబియ్యం గంజి కాచండి, పలచగా, వడకట్టి. తెల్ల లినెన్ మీద మరక పడదు. బట్ట పూర్తిగా ఆరకముందే, చెమ్మ ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. ఆరాక నీళ్ళు చల్లి చేస్తే ఆ బిగువు రాదు.

మగవాళ్ళకీ పిల్లలకీ రెండు మాటలు. మగవాళ్ళ చొక్కా అంటే ఇదే స్మాక్, కాస్త పొట్టిగా. మీద జెర్కిన్ అనే చేతుల్లేని తోలు కోటు, మోకాళ్ళ కింద దాకా వదులు లాగు. మేరీ రోజ్ అనే యుద్ధనౌక 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. అందులో నావికుల తోలు జెర్కిన్లు, బూట్లు, కుట్టు సామాను కూడా దొరికాయి, మామూలు మగవాళ్ళ బట్టలకి అంతకన్నా మంచి ఆధారం లేదు. టోపీ మరవొద్దు. 1571లో ఉన్ని టోపీ పనివాళ్ళ బతుకుతెరువు కాపాడటానికి, పెద్ద అంతస్తు లేనివాళ్ళు ఆదివారాలూ పండగలూ ఇంగ్లండులో చేసిన ఉన్ని టోపీ పెట్టుకోవాలని చట్టమే చేశారు. 1597 దాకా ఉంది ఆ చట్టం. ఇక చిన్న పిల్లలు. ఆరేడేళ్ళ దాకా మగపిల్లలకి కూడా గౌన్లే తొడిగేవాళ్ళు. అక్క గౌను తమ్ముడికి వేసేయండి, అది సరైన పద్ధతే. అంచులో మూడంగుళాలు మడత ఉంచండి, వచ్చే ఏడాదికి విప్పుకోవచ్చు.

మిషను వాడొచ్చా? వాడండి. లోపల కనపడని పొడుగు కుట్లన్నీ మిషను మీద లాగించేయండి. కనపడే చోట, అంటే మెడ అంచు, కాజాలు, టోపీ అంచు, ఇవి చేత్తో కుట్టండి. చూసేవాళ్ళ కన్ను పడేది ఆ మూడు చోట్లే.

దేని తరవాత ఏది కుట్టాలో ఇంకోసారి అడిగారు. ముందు స్మాక్. అది పూర్తయ్యాక, అది వేసుకుని, దాని మీద కర్టిల్ కొలతలు. తరవాత ఏప్రాను, టోపీ. మధ్యలో ఆగిపోయినా స్మాక్, ఎర్ర పావడా, ఏప్రాను, టోపీ ఉంటే ఆ ఏడాదికి సంతకి వెళ్ళిపోవచ్చు. ఎండలో పని చేసే ఆవిడలా కనిపిస్తారు, తప్పేం లేదు. కర్టిల్ వచ్చే సీజనుకి.

ఇప్పుడు ఆ లినెన్ తాను ఇలా ఇవ్వండి, కత్తిరించడం మొదలుపెడదాం. ఇద్దరిద్దరుగా కూర్చోండి. టేపులు తీసి మెడ పక్కన భుజం మీద నుంచి పిక్క దాకా కొలత రాసుకోండి, అంచు మడతకి రెండంగుళాలు కలపండి. తరవాత ఛాతీ చుట్టుకొలత, చెయ్యి పొడవు, పిడికిలి బిగించి చుట్టుకొలత. పిడికిలి కొలత లేకుండా మణికట్టు కుడితే చెయ్యి దూరదు.